ప్రమాదం జరిగిన ఇంజన్లను లైను పక్కనే ఎందుకు పడేస్తారు? ఆ తర్వాత వాటిని ఏం చేస్తారు?

వాల్తేరు_వాసు:
చాలా రోజులుగా ఉన్న డౌటు, ఇక్కడ రైల్వేలో పనిచేసినవాళ్లు ఉన్నారు కదా అని అడుగుతున్నా. 2023 జూన్ 2న ఒడిశాలో బహనాగా బజార్ స్టేషన్ దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదం జరిగాక ఇంజన్ గూడ్స్ వ్యాగన్ మీదకి ఎక్కేసిన ఫొటో అందరూ చూసే ఉంటారు. నెలలు గడిచాక నేను అదే దారిలో హౌరా వెళ్తూ చూస్తే నుజ్జునుజ్జయిన బోగీలు ఇంకా లైను పక్కనే పడున్నాయి. మన విజయనగరం వైపు కూడా ప్రమాదాలయ్యాక ఇలాగే పక్కకి నెట్టేసి వెళ్లిపోయారు. బోగీ అంటే ఇనుప డబ్బా, పోతే పోయింది. ఇంజన్ పది కోట్ల పైమాటే కదా, దాన్ని కూడా అలా ఎండకి వానకి వదిలేస్తారా? బాగుచేసి మళ్లీ నడుపుతారా, ముక్కలు కోసి అమ్మేస్తారా?

షెడ్డు_మామ:
వాసూ, బయటి నుంచి చూస్తే వదిలేసినట్టే ఉంటుంది గానీ రైల్వే లెక్కల్లో దిక్కులేని ఇంజన్ అంటూ ఉండదు. ప్రతి ఇంజన్‌కీ ఒక సొంత షెడ్డు ఉంటుంది. పడిపోయినా కాలిపోయినా సరే, కండెమ్ (ఇక పనికిరాదు) అని సంతకం పడేదాకా అది ఆ షెడ్డు పుస్తకాల్లోనే ఉంటుంది. నేను ఎలక్ట్రిక్ లోకోషెడ్‌లో టెక్నీషియన్‌గా రిటైరయ్యాను, బ్రేక్‌డౌన్ గ్యాంగ్‌లోనూ తిరిగాను, కాబట్టి కాస్త వివరంగా చెబుతా, ఓపికగా చదువు.

యాక్సిడెంట్ అయిన గంటలో షెడ్డులో సైరన్ మోగుతుంది, మెడికల్ వ్యాన్ ముందు, దాని వెనక క్రేన్‌తో రిలీఫ్ రైలు. మొదట మనుషుల్ని బయటికి తియ్యాలి. తర్వాత లైను తెరవాలి. ఇంజన్ సంగతి మూడోది, అదీ తీరిక దొరికితే. బహనాగాలో అంత ఘోరం జరిగినా 51 గంటల్లో మళ్లీ రైలు నడిపారంటే, అడ్డం ఉన్నదాన్నల్లా ఎలా కుదిరితే అలా పక్కకి లాగేశారనే అర్థం. ఆ టైములో "ఇది డబ్ల్యూఏపీ-7, జాగ్రత్తగా పట్టుకోండి" అని ఎవడూ అనడు (ప్యాసింజర్ రైళ్లు లాగే ఎలక్ట్రిక్ ఇంజన్లలో అదొక రకం). బుల్‌డోజర్‌తో నెడతారు, క్రేన్‌తో దొర్లిస్తారు. పట్టాల నుంచి నిర్ణీత దూరం అవతల ఉంటే చాలు, పక్కన పోయే రైలుకి తగలకుండా.

ఇక 140 టన్నుల క్రేన్ ఉందిగా, ఎత్తి పెట్టొచ్చుగా అని అందరూ అడుగుతారు. ఆ 140 అనేది బూమ్ (క్రేన్ చెయ్యి) దగ్గరగా ఉన్నప్పుడు మాత్రమే. చెయ్యి చాపేకొద్దీ సత్తా తగ్గిపోతుంది. డబ్ల్యూఏపీ-7 ఖాళీగా నిలబడితేనే 123 టన్నులు. అది కట్ట దిగి బురదలో ఒక పక్కకి ఒరిగిపోతే, పైనుంచి ఎత్తడానికి ఒక్క క్రేన్ చాలదు, అటొకటి ఇటొకటి రెండు పెట్టి ఒకేసారి లేపాలి. రెండు క్రేన్ల డ్రైవర్లకీ ఒకడే చెయ్యి ఊపి సిగ్నల్ ఇస్తాడు, ఇంకెవరూ నోరెత్తకూడదు. చాలాసార్లు బోగీలు విడగొట్టి (మీరు బోగీ అనే పెట్టె కాదు, కింద చక్రాలు మోటార్లు ఉండే చట్రం) బాడీని విడిగా, వాటిని విడిగా ఎత్తుతాం. పైన కరెంటు తీగ ఉన్నచోట అది విప్పందే బూమ్ లేవదు. ఇదంతా నడుస్తున్న లైను మీద నిలబడి చెయ్యాల్సిన పని.

ఎల్‌పీ_గూడ్స్:
మామ చెప్పినదానికి గూడ్స్ లోకో పైలట్‌గా నాదొక మాట. క్రేన్ దొరకడం కష్టం కాదు, బ్లాక్ (పని కోసం లైను ఆపి ఇవ్వడం) దొరకడం కష్టం. ప్రమాదం రోజున లైను ఎలాగూ ఆగిపోయి ఉంటుంది కాబట్టి ఎవరూ అడగరు. ఒకసారి రైళ్లు మొదలయ్యాక, పక్కన పడున్న ఇంజన్ తియ్యడానికి నాలుగైదు గంటలు లైను ఆపి ఇమ్మని కంట్రోల్‌ని అడిగి చూడండి. వైజాగ్ విజయవాడ మధ్య బొగ్గు, ఎక్స్‌ప్రెస్‌లు, ఎరువు, ఒకదాని తోకపట్టి ఒకటి వస్తుంటాయి. "అది ఎవరికీ అడ్డం లేదు కదా, వచ్చే నెల చూద్దాం" అంటారు. ఆ వచ్చే నెల వానలొస్తాయి, కట్ట పక్కన నేల మెత్తబడుతుంది, క్రేన్ కాళ్లు దిగిపోతాయని మళ్లీ వాయిదా. ఆ ఇంజన్ అక్కడ అన్నాళ్లు ఉండటానికి సగం కారణం ఇదే.

కొత్తకుర్రాడు_కాజీపేట:
అన్నా మరి 2003లో మా వరంగల్‌లో గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఇంజన్ బ్రిడ్జి మీంచి కింద రోడ్డు మీద పడింది కదా, అప్పుడు నేను పుట్టలేదు, మా నాన్న చెప్తుంటాడు. అది కూడా అక్కడే ఉంచారా?

షెడ్డు_మామ:
లేదు తమ్ముడూ. నడి ఊళ్లో రోడ్డు మీద పడితే ఉంచే ప్రశ్నే లేదు. జూలై 2న జరిగింది, ఇంజన్, రెండు బోగీలు కింద పడ్డాయి, కింద రోడ్డు మీద పోతున్నవాళ్లు కూడా పోయారు పాపం. అలాంటిచోట ఒక సుఖం ఏంటంటే రోడ్డు క్రేన్లు, ట్రైలర్లు నేరుగా దగ్గరికి వస్తాయి, లైను ఆపక్కర్లేదు. ఎక్కువకాలం మిగిలిపోయేవి ఎప్పుడూ రోడ్డు లేనిచోట పడినవే. కేకే లైన్ ఘాట్ సెక్షన్ ఉంది చూడు, కొత్తవలస నుంచి కిరండూల్ దాకా 58 సొరంగాలు, ఒక పక్క కొండ ఒక పక్క లోయ. అక్కడ ఐరన్ ఓర్ వ్యాగన్ లోయలోకి పోతే దాన్ని పైకి తెచ్చే ఖర్చుతో ఇంకోటి కొనొచ్చు. పనికొచ్చేవి విప్పుకుని, మిగతాది ఉన్నచోటే కోసి తేవడమే.

లా_పాయింట్:
మీరంతా క్రేన్లు, బ్లాకుల దగ్గరే ఆగారు, కాగితాలు కూడా ఉంటాయండీ. పెద్ద ప్రమాదమైతే కమిషనర్ ఆఫ్ రైల్వే సేఫ్టీ విచారణ చేస్తారు. ఈ కమిషన్ రైల్వే కింద ఉండదు, పౌర విమానయాన శాఖ కింద ఉంటుంది, చాలామందికి తెలియదు. ఆయన చూసి సరే అనేదాకా బ్రేకులు, చక్రాలు, స్పీడ్ రికార్డర్, కప్లింగ్ వీటిని కదిలించకూడదు. తర్వాత పోలీసు కేసు. బహనాగాలో నాలుగు రోజులకే సీబీఐ వచ్చింది, జూలైలో ముగ్గురు సిబ్బందిని అరెస్టు చేసింది. అక్కడి నుంచి ఆ తుక్కంతా సాక్ష్యం. కోర్టు చెప్పందే బోల్టు కూడా విప్పలేరు.

కానీ చట్టం ఏళ్ల తరబడి అలా ఉంచమని చెప్పలేదు. సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది, స్వాధీనం చేసుకున్న వస్తువులు స్టేషన్లలో పడి తుప్పుపట్టిపోకూడదు, ఫొటోలు తీసి పంచనామా రాసి త్వరగా వదిలెయ్యండి అని. ఇప్పుడు సీఆర్‌పీసీ బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 497 సెక్షన్ దాని కోసమే. అడిగేవాడు ఉండాలి. పోలీస్ స్టేషన్ల ముందు తుప్పు పట్టిన బైకులు చూస్తున్నాం కదా, ఇక్కడ ఆ బైకు బరువు 123 టన్నులు, అంతే తేడా.

ఎల్‌పీ_గూడ్స్:
స్పీడ్ రికార్డర్ గురించి ఒక మాట. ఇప్పటి ఇంజన్లలో ఎంత స్పీడులో పోయాడు, బ్రేకు ఏ సెకనులో వేశాడు అన్నీ మెమొరీలో ఉంటాయి. ఆ మెషిన్లు తయారుచేసే కంపెనీల్లో మన హైదరాబాద్ మేధా ఒకటి. కోరమాండల్ 128 స్పీడులో లూప్ లైనులోకి (మెయిన్ లైను పక్కన రైళ్లు ఆపుకునే లైను) పోయిందని తెలిసింది అలాంటి రికార్డుల వల్లే. సైటుకి రాగానే సూపర్‌వైజర్లు చేసే మొదటి పని క్యాబ్‌లోకి ఎక్కి ఏ హ్యాండిల్ ఎక్కడుందో, ఏ గేజీ ఎంత చూపిస్తోందో జాయింట్ నోట్ రాసుకోవడం. అన్ని డిపార్ట్‌మెంట్ల వాళ్లూ సంతకం పెడతారు. పెట్టకుండా కొట్టుకునేవాళ్లు కూడా ఉంటారు, అది వేరే కథ, తప్పు ఎవడిదని తేలాలి కదా.

పొలంగట్టు:
మీరు ఇంజన్ గురించి బాధపడుతున్నారు, అది పడిన పొలం గురించి ఎవరూ అడగట్లేదు. మా లైను పక్క పొలంలో ఇలాగే ఒక గూడ్స్ పడింది. ఏ ఊరో, ఏ డివిజనో చెప్పను. ఇంజన్ ఒకటి, వ్యాగన్లు కొన్ని. వరి పొట్ట మీద ఉంది. క్రేన్లు రావడానికి మా గట్లు చదును చేసేశారు, అప్పుడు కాదనలేం, మనుషుల ప్రాణాలు కదా అని మేమే ట్రాక్టర్లు కూడా పెట్టాం. కానీ డీజిల్ ట్యాంకు పగిలి నూనె పొలంలోకి పారింది. ఆ మడిలో మట్టి చేత్తో తీస్తే నల్లగా జిగురుగా వచ్చేది, వాసన పోలేదు, తర్వాత పంటలో ఆ మేర నారు పచ్చబడి మాడిపోయింది. పంట నష్టానికి కాస్త ఇచ్చారు, మట్టికి ఇవ్వలేదు. ఇంజన్ మాత్రం మా గట్టు మీద అలాగే పడి ఉంది, పైన టార్పాలిన్ వేసుకుని ఒక ఆర్పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) కానిస్టేబుల్ కాపలా. ఆయనకి మజ్జిగ మా ఇంటి నుంచే వెళ్లేది.

షెడ్డు_మామ:
పొలంగట్టు గారూ మీరు చెప్పింది నిజమే. ఎలక్ట్రిక్ ఇంజన్ అయితే డీజిల్ బదులు ట్రాన్స్‌ఫార్మర్ నూనె కారుతుంది, మేం ముందు అది ఎక్కడన్నా కారుతోందా అని చూస్తాం, కటింగ్ గ్యాస్ పెట్టాలంటే మొదటి భయం దాంతోనే.

కానిస్టేబుల్ కాపలా ఎందుకంటే రాగి. కేబుళ్లు, మోటార్లు. ఇంజన్ పడిన మూడో రాత్రికే హాక్‌సా బ్లేడు పట్టుకుని వచ్చేస్తారు. 1966 నాటి ప్రత్యేక చట్టమే ఉంది రైల్వే ఆస్తి దొంగతనానికి, అయినా ఆగరు.

ఇప్పుడు వాసు అసలు ప్రశ్నకి వస్తా, బాగుచేస్తారా అని. షెడ్డుకి తేగలిగితే ముందు తెస్తారు. చక్రాలు తిరిగితే వాటి మీదే, జామ్ అయితే కింద చిన్న ట్రాలీ బిగించి నత్తనడకన. తెచ్చాక ఒక పక్క లైనులో నిలబెడతారు. మొదట చక్రాలు చూస్తాం. రెండు చక్రాల లోపలి మొహాల మధ్య 1600 మిల్లీమీటర్లు ఉండాలి, అక్కడ రెండు మూడు తేడా వచ్చినా ఇరుసు వంగిందనే లెక్క. తర్వాత ఇరుసుకి అల్ట్రాసోనిక్ పరీక్ష, కంటికి కనిపించని పగులు ఉంటే పక్కన పడెయ్యడమే. మోటార్లు ఆరు, ఒక్కోటి విప్పి చెక్ చేస్తాం. వరదలో మునిగిన ఇంజన్ అయితే మరీ పని. 2005లో వలిగొండ దగ్గర చెరువు తెగి వంతెన కొట్టుకుపోయి డెల్టా ప్యాసింజర్ నీళ్లలో పడింది గుర్తుందా, అలాంటి కేసుల్లో మోటారు వైండింగ్‌లోకి దిగిన బురద కడిగి, ఓవెన్‌లో ఆరబెట్టి, మళ్లీ వార్నిష్ పట్టించి, ఇన్సులేషన్ నిలబడితేనే వాడతారు. లేకపోతే రాగి పీకి కొత్తగా చుట్టాలి.

ఈ పరీక్షలు నడుస్తుండగానే అసలు తతంగం మొదలవుతుంది. షెడ్డులో ఇంకో ఇంజన్ ఒక కన్వర్టర్ కార్డు (ఎలక్ట్రానిక్ బోర్డు) లేక నిలబడి ఉంటుంది, స్టోర్స్‌లో స్టాకు లేదు. ఫోర్‌మన్ చూపు దీని మీద పడుతుంది. "అది ఎలాగూ ఇప్పుడప్పుడే కదలదు, తీసుకోండి." ఇవాళ కార్డు, రేపు కంప్రెసర్, ఎల్లుండి ప్యాంటోగ్రాఫ్ (పైన తీగ నుంచి కరెంటు అందుకునే చట్రం). తీసిన ప్రతిచోటా చాక్‌తో తేదీ, ఏ ఇంజన్‌కి పోయిందో ఆ నంబరు రాస్తాం. ఆరు నెలలకి లోపల చూస్తే బ్రాకెట్లు, చాక్ రాతలు తప్ప ఏమీ ఉండదు. అప్పుడు రిపేరు ఎస్టిమేట్ వేస్తే ఖర్చు ఆకాశంలో ఉంటుంది, ఉండదా మరి!

వాల్తేరు_వాసు:
అంటే ప్రమాదంలో సగం, షెడ్డులో సగం చచ్చిపోతుందన్నమాట 😄

షెడ్డు_మామ:
నవ్వకు, దానివల్లే మిగతా ఇంజన్లు లైను మీద ఉంటాయి. ముందు భాగం ఒక్కటే నుజ్జయి, కింద చట్రం నిటారుగా ఉంటే బతికినట్టే. పెరంబూర్, కాంచరాపారా, భుసావల్ లాంటి వర్క్‌షాపులకి పంపిస్తారు, పాత క్యాబ్ కోసేసి కొత్త క్యాబ్ అతుకుతారు, రంగేస్తారు, నంబరు మారదు. చట్రం మెలితిరిగితే మాత్రం ఇక లాభం లేదు. వయసు కూడా చూస్తారు. ఎలక్ట్రిక్ ఇంజన్ ఆయుష్షు 35 ఏళ్లు, డీజిల్‌కి 36. ముప్పయ్యో ఏట గుద్దుకుంటే కోట్లు పెట్టి ఎవడు బాగుచేస్తాడు? అదే నాలుగేళ్ల ఇంజన్‌ని కండెమ్ చెయ్యాలంటే ఫైలు పైదాకా పోవాలి, ఎందుకు, ఎవరి తప్పు, ఎంత నష్టం, అన్నీ రాయాలి. ఆ ఫైలు తిరిగినంతకాలం ఇంజన్ షెడ్డు వెనక గడ్డిలో ఉంటుంది. ఇప్పుడు దాదాపు లైన్లన్నీ కరెంటు అయిపోయాయి కాబట్టి డీజిల్ ఇంజన్ పెద్ద దెబ్బ తింటే బాగుచేద్దామనే మాటే తక్కువ.

తుక్కు_బేరం:
ఇక్కడి నుంచి మా డ్యూటీ 🙂 కండెమ్ అయ్యాక లాటు కడతారు, రైల్వే వాళ్ల ఐఆర్‌ఈపీఎస్ సైటులో ఈ-వేలం. ఇంటర్నెట్లో కూర్చుని పాడుకోవాలి, పాతరోజుల్లోలా గుంపుగా నిలబడి అరిచే పాట కాదు. "ఎక్కడున్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే" పద్ధతి. అంటే అది కట్ట కింద పల్లంలో పడుంటే అక్కడే కోసుకుని మోసుకుపోవాలి, రోడ్డు నువ్వే వేసుకో. అందుకే వేలానికి ముందు వెళ్లి చూసి రాకుండా పాడినవాడు మునిగినట్టే. మనం చూసేది ఇనుము ఎంత అని కాదు, దారి ఉందా, లారీ తిరుగుతుందా, రాగి ఏమన్నా మిగిల్చారా అని. మామ చెప్పినట్టు చాలావరకు మిగల్చరు.

కోత ఎలా ఉంటుందో చెబుతా. మొదట ట్యాంకులు, పైపుల్లో ఉన్న నూనె దించాలి. రైల్వే మనిషి పక్కనే ఉంటాడు. బాడీ పైన పలుచని రేకు గ్యాస్ కట్టర్‌తో త్వరగానే పోతుంది, రంగు కాలే పొగకి కళ్లు మండుతాయి, గాలికి ఎదురుగా నిలబడకూడదు. కింద చట్రం దగ్గర అసలు కష్టం, మందం ఎక్కువ, సిలిండర్ల మీద సిలిండర్లు అయిపోతాయి. చక్రాలు, ఇరుసులు చాలాసార్లు లాటులో రావు, రైల్వేనే ఉంచుకుంటుంది. లారీ ఎక్కేముందు తూకం, ప్రతి ట్రిప్పుకీ గేట్ పాసు. ఒక్క కాగితం తేడా వచ్చినా లారీ ఆగిపోతుంది.

కొత్తకుర్రాడు_కాజీపేట:
కాగితం అంటే గుర్తొచ్చింది, బీహార్‌లో పూర్ణియా స్టేషన్ దగ్గర పాత స్టీమ్ ఇంజన్‌ని దొంగ లెటర్ చూపించి రైల్వే ఇంజనీరే అమ్మేశాడని 2021 డిసెంబర్‌లో న్యూస్ వచ్చింది కదా. పట్టపగలు గ్యాస్ కట్టర్ పెట్టి కోశారంట. ఎవరన్నా అడిగితే లెటర్ చూపించారంట 😂

తుక్కు_బేరం:
అది చదివి మేమే నోరెళ్లబెట్టాం. మాకైతే ఒక చక్రం స్ప్రింగు ఎక్కువ పోయినా కేసు పెడతారు.

డల్లాస్_రైల్‌ఫ్యాన్:
ఇక్కడ అమెరికాలో పద్ధతి వేరు. రైల్వే కంపెనీలు ప్రైవేటువి, ప్రమాదం అవగానే ఆర్.జె. కోర్మన్, హల్చర్ లాంటి కాంట్రాక్టు సంస్థల్ని పిలుస్తారు. వాళ్లు పట్టాల మీద క్రేన్ తేరు, సైడ్‌బూమ్ అని గొలుసు చక్రాల ట్రాక్టర్లు, పక్కకి చెయ్యి ఉన్నవి, నాలుగైదు దిగి 180 టన్నుల పైన ఉన్న ఇంజన్‌ని నాలుగు వైపులా పట్టి ఎత్తేస్తాయి. లైను ఎన్ని గంటలు ఆగితే అంత డబ్బు నష్టం కాబట్టి స్పీడు ఎక్కువ. చుట్టూ ఖాళీ స్థలం ఉండటం కూడా కలిసొస్తుంది, మనకి కట్ట దిగగానే ఎవరిదో పొలం.

అన్నట్టు అలాస్కాలో వైట్ పాస్ అనే చిన్న రైల్వే ఉంది, పాత ఇంజన్లు పనికిరాకపోతే స్కాగ్వే నది ఒడ్డు కోసుకుపోకుండా వాటినే రాళ్లకి బదులు ఒడ్డున పడేసింది!

చరిత్ర_చదువరి:
బతికి బయటపడ్డ ఇంజన్ల గురించి ఎవరూ రాయలేదేంటి. 1879 డిసెంబర్ 28 రాత్రి స్కాట్లాండ్‌లో తుఫానుకి టే వంతెన కూలి రైలు మొత్తం నీళ్లలో పడింది, ఒక్కరూ మిగల్లేదు. ఆ 224 నంబరు ఇంజన్‌ని మరుసటి ఏడాది పైకి తీశారు, తీస్తుండగా మళ్లీ జారి పడింది కూడా. దాన్ని బాగుచేసి 1919 దాకా నడిపారు. కార్మికులు దానికి పెట్టిన పేరు "డైవర్", అంటే మునకలు వేసేవాడు. వాళ్ల ఎగతాళి అలాంటిది.

మనకి దగ్గర్లో ఇంకోటి. 2004 డిసెంబర్ 26 సునామీలో శ్రీలంక పెరాలియ దగ్గర సముద్రదేవి రైలు కొట్టుకుపోయి 1700 మందికి పైగా చనిపోయారు. దాని ఇంజన్ 591, పేరు మానిటోబా, కెనడాలో తయారైంది. తుక్కు కింద అమ్మెయ్యకుండా బాగుచేసి మళ్లీ పట్టాలెక్కించారు. సంస్మరణ రోజున అదే ఇంజన్ ఆ చోటుకి రైలు తీసుకొచ్చేది.

వాల్తేరు_వాసు:
అంతమంది పోయిన ఇంజన్ ఎక్కి నడపాలంటే డ్రైవర్లకి టెన్షన్ ఉండదా? ఎల్‌పీ గారూ నిజం చెప్పండి.

ఎల్‌పీ_గూడ్స్:
ఉంటుంది కొందరికి. నంబర్లు మా నోట్లో ఆడుతుంటాయి, "అదేనా ఇది" అని అసిస్టెంట్ అడుగుతాడు. నిమ్మకాయ కట్టేవాళ్లున్నారు, దసరాకి షెడ్డులో అన్ని ఇంజన్లకీ పూజ ఎలాగూ ఉంటుంది. నా మటుకు నాకు కొత్తగా వర్క్‌షాపు నుంచి వచ్చిన ఇంజన్ అంటే భయం లేదు, అన్నీ విప్పి బిగించి ఉంటారు. అన్నేళ్లుగా ఎవరూ ముట్టుకోని బ్రేకు వాల్వు ఉన్న ఇంజనే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. పక్కన పడున్న ఇంజన్ దగ్గర కాషన్ ఆర్డర్ (నెమ్మదిగా పొమ్మనే ఆదేశం) మీద 20 స్పీడులో వెళ్తున్నప్పుడు మాత్రం క్యాబ్‌లో ఇద్దరం మాట్లాడుకోం. క్యాబ్ అద్దం వైపు చూపు పోతుంది, లోపల ఉన్నది మనలాంటివాడే కదా. విజయనగరం దగ్గర కంటకాపల్లిలో 2023 అక్టోబర్ 29న జరిగిన ప్రమాదంలో పోయినవాళ్లలో మా లోకో పైలట్ కూడా ఉన్నాడు.

రీల్స్_రాజు:
సూపర్ థ్రెడ్. ఇప్పుడు మన ఏపీ తెలంగాణలో ఇలాంటి ఇంజన్లు ఎక్కడున్నాయో లొకేషన్లు పెట్టండి బ్రో, వెళ్లి డ్రోన్ షాట్స్ తీద్దాం.

నిర్వాహకుడు:
లొకేషన్లు ఎవరూ పెట్టవద్దు, పెడితే తీసేస్తాం. లైను మీద అనుమతి లేకుండా తిరిగితే రైల్వే చట్టం 147 సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల జరిమానా, లేదా రెండూ. దానికి తోడు ఆ లొకేషన్లు రాగి దొంగలకే ముందు పనికొస్తాయి.

షెడ్డు_మామ:
మంచి పని చేశారు. రాజూ, నీకు ఇంజన్లు చూడాలని ఉంటే రైలెక్కి పెద్ద షెడ్లు ఉన్నచోట, విజయవాడ, లాలాగూడ, కాజీపేట, కిటికీ పక్కన కూర్చో. షెడ్డు వెనక గడ్డిలో క్యాబ్ అద్దాలు లేకుండా, పైన ప్యాంటోగ్రాఫ్ లేకుండా నిలబడ్డది కనిపిస్తే మొహం మీద నంబరు చూడు. 22తో మొదలైతే చాలావరకు డబ్ల్యూఏపీ-4, 37 అయితే డబ్ల్యూఏపీ-7. పక్కన షెడ్డు పేరు రాసి ఉంటుంది. నంబరు ఇక్కడ పెట్టు, దానికి ఏమైందో నాకు తెలిస్తే చెబుతా, లేదా పాత స్నేహితుల్ని అడిగి చెబుతా.

పొలంగట్టు:
మామా, మట్టికి నష్టపరిహారం ఎక్కడ అడగాలో కూడా మీ పాత స్నేహితుల్ని అడగండి.

లా_పాయింట్:
దానికి నాకు ప్రైవేట్ మెసేజ్ పెట్టండి. అప్పటి పంచనామా కాపీ, అడంగల్, వ్యవసాయ అధికారి ఇచ్చిన రిపోర్టు ఏదైనా ఉంటే దగ్గర పెట్టుకోండి.